ఇంకొక్క వేలెడు

ఆ ఆదివారం ఉదయం తొమ్మిదింపావుకి లెక్కల మేస్టారి డాబా మీదినుంచి ఒక యాంటెన్నా కిందికి దిగి, వాకిట్లో వేసి ఉన్న మేస్టారి వాలుకుర్చీలో కూర్చుంది. అప్పటిదాకా ఆ కుర్చీలో మేస్టారే ఉన్నారు. “ఇక చాలు, దిగవయ్యా!” అని కేకెయ్యడానికి అంతకు ఒక్క నిమిషం ముందే లేచి నాలుగడుగులు ముందుకొచ్చారు గనక, ఒకే కుర్చీలో ఇద్దరికి చోటెలా అన్న సమస్య రాలేదు. కుర్చీ గుడ్డ నిలువునా చిరిగింది. యాంటెన్నా పుల్లలు రెండు వంగాయి.

డాబా పైనుంచి ఒక గొంతు ఎంతో ఆశగా అడిగింది.

“వచ్చిందా?”

“వచ్చింది!” అన్నారు మేస్టారు. “నా కుర్చీలోకి వచ్చింది! నువ్వూ రా! వచ్చి, మళ్ళీ నా గడప తొక్కకు!”

ఆ గొంతు పక్కింటి రిటైర్డు సర్వేయరుది. కింద గోడ పక్కన నిలబడి తాడు పట్టుకున్నది ఆయన బావమరిది, దర్జీ. తాడు అప్పటికీ దర్జీ చేతిలోనే ఉంది. దాని రెండో కొసకి మాత్రం ఏమీ లేదు.

బావకి ఉన్న లోపం ఒక్కటే. మిగతావన్నీ దాని పిల్లలు. ఏ ఇంట్లోనైనా, ఎంత చక్కటి బొమ్మ వస్తున్నా, యాంటెన్నాని ఇంకొక్క వేలెడు తిప్పితే ఇంకా చక్కగా వస్తుందని ఆయన నమ్మకం. అందుకే వీధి వీధంతా ఆయన్ని ‘వేలెడు మామయ్య’ అనేది. ముప్పై ఏళ్ళు గొలుసు పట్టుకుని భూమిని కొలిచిన మనిషి. “కొలవడానికి భూమి అయిపోయింది, ఇప్పుడు ఆకాశం మీద పడ్డారు” అనేది ఆయన భార్య, అంటే దర్జీకి అక్క. ఎవరింటికి వెళ్ళినా బావ ముందు కప్పు వంక చూసి, ఆ తర్వాతే మనిషి వంక చూసేవాడు. “ఏం, కులాసాయేనా?” అని అడిగితే, అడిగింది తమనో యాంటెన్నానో తెలియక జనం కాసేపు తటపటాయించేవాళ్ళు.

దర్జీ దుకాణం బావ ఇంటి ముందు గదిలోనే. అందుచేత బావ నిచ్చెన ఎక్కిన ప్రతిసారీ దర్జీ మిషను ఆగేది. బావ డాబా మీద, దర్జీ వాకిట్లో, అక్క టీవీ ముందు.

“వచ్చిందా?” అనేవాడు పైనుంచి బావ.

“అక్కా, వచ్చిందా?” అనేవాడు దర్జీ కిటికీలోకి.

“వచ్చిందని చెప్పరా!”

“వచ్చిందట బావా!”

“ఎలా వచ్చింది?”

“అక్కా, ఎలా వచ్చిందట?”

“మనుషులు మనుషుల్లా ఉన్నారని చెప్పు!”

“మనుషులు మనుషుల్లాగే ఉన్నారట!”

“ముక్కులో?”

“అక్కా, ముక్కులట!”

“ఎవరి ముక్కు వాళ్ళకే ఉంది! దిగి రమ్మను, కూర మాడుతోంది!”

“అయితే ఉండండి,” అనేవాడు బావ ఉత్సాహంగా, “ఇంకొక్క వేలెడు!”

ఆ వేలెడుతో ఉన్న ముక్కులు కూడా పోయేవి. తర్వాత మనుషులు పోయేవాళ్ళు. వెతుక్కుంటూ వెతుక్కుంటూ, కూర పూర్తిగా మాడే వేళకి యాంటెన్నా బయలుదేరిన చోటికే తిరిగొచ్చేది.

“చూశావా, ఇదీ దాని అసలు చోటు!” అనేవాడు బావ చెమట తుడుచుకుంటూ.

“పొద్దున్న కూడా ఇక్కడే ఉంది కదా బావా?”

“ఉంది. కానీ అదే సరైన చోటని పొద్దున్న దానికి తెలీదురా.”

ఒకసారి కాలు విరిగిన స్నేహితుణ్ణి చూడ్డానికి బావ ఆసుపత్రికి వెళ్ళాడు. తెచ్చిన పళ్ళ సంచీ మంచం మీద ఉంది, బావ లేడు. ఆ వార్డు టీవీలో ఒక్కొక్క మనిషికీ పక్కనే నీడలా ఇంకో మనిషి కనిపిస్తున్నాడట. బావ ప్రాణం ఊరుకుంటుందా? నర్సు వెతుక్కుంటూ మేడ మీదికి వెళ్ళేసరికి యాంటెన్నా గొట్టం పట్టుకుని ఉన్నాడు. అరగంటలో ఇద్దరిద్దరూ ఒక్కొక్కరయ్యారు. రోగులు చప్పట్లు కొట్టారు. “నన్ను చూడ్డానికొచ్చావా, టీవీని చూడ్డానికొచ్చావా?” అని స్నేహితుడు నిష్ఠూరమాడితే, “ముందు నువ్వా కాలు కదపకు, వైరు దాని మీదుగా వెళ్తోంది” అన్నాడు బావ.

కొనడంలోనూ ఆయన పద్ధతులు ఆయనవి. ఎవరికి యాంటెన్నా కావాలన్నా తనే దుకాణానికి వెంటవెళ్ళి, పదకొండు పెట్టెలు విప్పించి, ఒక్కొక్క పుల్లా అరచేత్తో నొక్కి చూసేవాడు.

“ఏమిటండీ ఆ నొక్కడం?” అన్నాడు ఒకసారి దుకాణదారు.

“కాకి పరీక్ష. కాకి వాలితే వంగే పుల్ల పనికిరాదు.”

“కాకి బరువు మీకెలా తెలుసండీ?”

“మీ వీధి కాకులు ఏం తింటున్నాయో ముందు మీరు చెప్పండి.”

ఆయన సూత్రాలు రెండు, వాటికి తిరుగులేదు. ఒక యాంటెన్నాకి ఒకటే టీవీ. “ఒక బొమ్మని ఇద్దరికి పంచితే ఇద్దరికీ పస్తే” అనేవాడు. రెండోది, వైరు ఇంట్లోకి దూరే ముందు కిందికి ఒక వంపు తిరగాలి. వైరు పట్టుకుని వచ్చే వాన చుక్క అక్కడ జారి కింద పడాలి గానీ గోడలోకి రాకూడదు. ఆ వంపు దగ్గర దారంతో సరిగ్గా ఏడు చుట్లు చుట్టేవాడు. దారం, చెప్పనక్కర్లేదు, బావమరిదిది. ఎప్పుడో తెల్లదారం పంపమంటే టోకు కొట్టువాళ్ళు పెట్టెడు పసుపుదారం పంపారు. కళ్ళు చెదిరే పసుపు. ఆ రంగు బట్ట కుట్టించుకునే ధైర్యం వీధిలో ఎవరికీ లేకపోయింది. ఆ పెట్టెకి మోక్షం బావ చేతిలోనే రాసి ఉంది. ఏ ఇంటి కిటికీ పక్కనైనా పసుపు చుట్లు కనిపిస్తే అక్కడ బావ నిచ్చెన వేశాడన్నమాట.

ఇలా పనివేళలూ దారమూ బావకి ధారపోసినా దర్జీకి లోకంలో ఇంకా రెండు ఆస్తులు మిగిలాయి: కుట్టుమిషను, మీసం. మిషనుకి వారానికోసారి నూనె పెట్టేవాడు. మీసానికి రోజూ.

సరే, కుర్చీ చిరిగాక మేస్టారు ఊరుకోలేదు. తన యాంటెన్నా తనే నిలబెట్టుకుంటానన్నారు. ఈ వీధిలో సగం మందికి కూడికలు నేర్పిన చెయ్యి అది. పుల్లల యాంటెన్నా ఒక లెక్కా? వాకిట్లో నిలబడి, కాగితం మీద గీతలు గీసి, వడ్రంగిని డాబా ఎక్కించి బిగించేశారు. పదినిమిషాల్లో పని పూర్తి.

దర్జీ చూసి తెల్లబోయాడు. యాంటెన్నాకి ఒక వైపు పొట్టి పుల్లలుంటాయి, ఇంకో వైపు పొడుగువి. పొట్టి వైపు ప్రసారం వచ్చే టవరుకి చూపించాలి. మేస్టారు పొడుగు వైపు చూపించారు. అంటే టవరుకి వీపు పెట్టి నిలబెట్టారు.

“మేస్టారూ, అది తిరగేసినట్టుందండీ...” అన్నాడు గోడ మీంచి, భయం భయంగా.

“ఏరా, వల విసిరితే వెడల్పు వైపు చేపలు పడతాయా, ఇరుకు వైపు పడతాయా?”

“వెడల్పు వైపేనండీ.”

“మరి బొమ్మలో? ఆరో తరగతిలో కూడా ఇంతే నువ్వు!”

బావకి ఆ దృశ్యం కంట్లో నలుసైంది. వెన్ను చూపిస్తున్న ఆ యాంటెన్నాని చూడలేక, మేస్టారి ఇంటి ముందు నడిచినప్పుడల్లా ఎండ లేకపోయినా గొడుగు వేసుకుని, దాన్ని అటువైపు వంచుకుని పోయేవాడు.

మేస్టారి టీవీలో తెర నిండా ఈగలు ముసిరినట్టు చుక్కలు. మేస్టారు చలించలేదు. “అది నా కంట్లో శుక్లం. తీయించుకుంటే అదే పోతుంది” అన్నారు. శుక్లాలు తీయించుకున్నారు కూడా. కట్టు విప్పారు, నల్లద్దాలు పెట్టారు, డాక్టరు భేషుగ్గా ఉందన్నాడు. ఆ తర్వాత ఎందుకో మేస్టారు చాలా రోజులు బయటికి రాలేదు. గోడ మీంచి తిట్లు వినబడక దర్జీకి తోచేది కాదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక విపరీతం జరిగింది. వేలెడు మామయ్య ఇంట్లో బొమ్మ పోయింది.

వీధిలోకెల్లా ఎత్తైన గొట్టం, కాకి పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్న యాంటెన్నా, అయినా తెర నిండా ఈగలు!

“ఎక్కి చూడు బావా” అన్నాడు దర్జీ.

“మోకాలు నొప్పిరా.”

దర్జీ నిర్ఘాంతపోయాడు. చేపకి నీళ్ళు పడటం లేదంటే ఇంతకంటే నమ్మేవాడు.

“నిన్న పాలవాడి డాబా ఎక్కావుగా?”

“అందుకే నొప్పి.”

“ఊరందరి ఇళ్ళలోనూ బొమ్మలు నిలబెట్టారు, మన ఇంట్లో మాత్రం ఈగలు తోలుకోవాలి!” అంది అక్క లోపల్నుంచి.

మర్నాడు గోడ మీద మేస్టారి తల మొలిచింది. నల్లద్దాల వెనక మొహం వెలిగిపోతోంది.

“ఏమిరా దర్జీ! మీ ఇంట్లో చుక్కలటగా? మా ఇంట్లో నిన్న వార్తలు చదివిన అమ్మాయి చెవి దిద్దుల్లో రాళ్ళు లెక్కపెట్టాను. ఒక్కో దిద్దుకి ఏడు. రెండు దిద్దులకి?”

“పధ్నాలుగండీ” అన్నాడు దర్జీ, పాత అలవాటు చొప్పున.

“వెడల్పు వైపు మహిమ! వేలెడులూ లేవు, కాకులూ లేవు. మీ బావని వచ్చి నేర్చుకోమను.”

ఆ మాట వీధి చివరిదాకా పోయింది. ‘వేలెడు మామయ్యకి గురి తప్పింది’ అన్నారు జనం. నిచ్చెన తెమ్మని పిలవడానికి వచ్చేవాళ్ళు తగ్గారు. ఒకాయన నేరుగా మేస్టారి దగ్గరికి వెళ్ళి, యాంటెన్నా వెడల్పు వైపు తిప్పించుకుని, ఇంట్లో ఉన్న బొమ్మ కూడా పోగొట్టుకుని, అది తన టీవీ లోపమనుకుని ఊరుకున్నాడు. బావ ఇవన్నీ విని మోకాలు తడుముకునేవాడు, అంతే. మండిపోయింది దర్జీకి. గురువారం మేస్టారు మళ్ళీ గోడెక్కేసరికి ఇక పట్టలేకపోయాడు.

“ఆదివారం ఫుట్‌బాల్ ఫైనలుంది మేస్టారూ! ఆటగాళ్ళ వీపుల మీద అంకెలు మా బావ ఇంట్లో స్పష్టంగా కనిపించకపోతే, ఇదిగో, ఈ మీసం తీసేస్తా!”

“కనిపిస్తే, నేను నా యాంటెన్నా దించేసి మీ బావ చేత మళ్ళీ పెట్టించుకుంటా!” అన్నారు మేస్టారు. “మాట మీద ఉంటావుగా?”

“మీసం మీదే ఉంటా!”

ఈ సంగతి విని బావ మొహం పాలిపోయింది. “మీసం ఎందుకు పెట్టావురా? చెవి పెట్టాల్సింది. చెవైతే ఓడినా ఎవరూ కోయరు.”

“ఓడటమేమిటి బావా? నువ్వెక్కి ఒక్క వేలెడు తిప్పితే చాలదూ?”

బావ ఏదో చెప్పబోయి, మింగి, “మోకాలురా” అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి ఆటగాళ్ళు మైదానంలోకి వచ్చారు. అక్క టీవీలో వాళ్ళు కూడా ఈగల్లాగే ఉన్నారు. బావ అప్పుడే వీధి కొసకి వెళ్ళాడు. ఇదే అదననుకుని దర్జీ నిచ్చెన వేసుకుని తనే డాబా ఎక్కాడు. రెండు చేతులతో గొట్టం పట్టుకుని, జీవితంలో మొదటిసారి తనంతట తాను ఒక్క వేలెడు తిప్పాడు.

“అక్కా, వచ్చిందా?”

“రాలేదు!” అంది అక్క.

“పోయింది!” అని ఇంకో కేక వినిపించింది. అది పక్కింట్లోంచి. మేస్టారి గొంతు.

దర్జీ ఉలిక్కిపడి వెనక్కి తిప్పాడు.

“రాలేదు!” అంది అక్క.

“ఆఁ, వచ్చింది వచ్చింది!” అంది పక్కిల్లు.

దర్జీకి ఏమీ అర్థం కాలేదు. ఇటు తిప్పాడు. “రాలేదు!” “అయ్యో, పోయిందే!” అటు తిప్పాడు. “రాలేదు!” “హమ్మయ్య!” మీసం మెలేసుకుంటూ ఆలోచించి, గొట్టం పట్టుకుని వంగి, యాంటెన్నా వైరు ఎటుపోయిందో చూశాడు. అది పిట్టగోడ దాటి, బట్టలారేసే తీగని పెనవేసుకుని, పక్కింటి చూరు కిందికి పోయి, మేస్టారి కిటికీ దగ్గర కిందికి ఒక చక్కటి వంపు తిరిగింది. ఆ వంపు మీద ఏడు చుట్లు. కళ్ళు చెదిరే పసుపు.

వెడల్పు వైపు మహిమకి అసలు దేనితోనూ సంబంధం లేదు. మేస్టారి యాంటెన్నా వైరు సగానికి తెగి, చూరులో పిచ్చికగూడు పక్కన వేలాడుతోంది.

“ముట్టుకోకురా దాన్ని!” అంటూ నిచ్చెన మీద బావ తల కనిపించింది. మోకాలు సంగతి మరిచిపోయి రెండేసి మెట్లెక్కి వచ్చాడు.

“ఇదేమిటి బావా?”

“మెల్లిగా మాట్లాడు.” బావ డాబా మీద చతికిలబడ్డాడు. “మేస్టారి ఇంటావిడ, పిన్నిగారు, వచ్చి ఏడ్చిందిరా. కట్టు విప్పాక ఆయన నేరుగా వెళ్ళి టీవీ పెట్టుకున్నారట. పాత చుక్కలే. ఆపరేషను పాడైంది, కళ్ళు పోయాయి అని తేల్చేశారు. పేపరు మానేశారు, వీధిలోకి రావడం మానేశారు. ‘నాకూ చుక్కలే కనిపిస్తున్నాయండీ’ అని పిన్నిగారు చెప్తే, ‘నన్ను ఓదార్చకు’ అన్నారట.”

“యాంటెన్నా తిరగేశారని చెప్తే పోయేదిగా!”

“చెప్పింది. ఆయన కళ్ళు పోయాయని ఒప్పుకున్నారు గానీ లెక్క తప్పిందని ఒప్పుకోలేదు. ఆ యాంటెన్నా ఉన్నచోటే ఉందా లేదా అని పొద్దున్నే వాకిట్లోంచి కొలుచుకుంటారట. అందుకని దాని జోలికి పోకుండా మనదే అటు ఇచ్చాను.”

“ఇద్దరికీ పంచొచ్చుగా?”

“పంచితే ఇద్దరికీ పస్తే. అసలే అంత దూరం వైరు.”

“ఇంకోటి కొనుక్కోవచ్చుగా?”

“మన కప్పు మీద రెండు గొట్టాలు లేస్తే రెండోది ఎవరికని అడగరూ? లెక్కల మేస్టారురా ఆయన. రెండు వరకూ లెక్కపెట్టడం వచ్చు.”

“మరి మన టీవీకి ఏం తగిలించావు?”

“గొడుగు ఊచలు,” అన్నాడు బావ సిగ్గుపడుతూ. “బీరువా వెనక.”

దర్జీ చేతిలో వైరు ఉంది. ఒక్కసారి లాగితే చాలు, ఆ కొస తెచ్చి అక్క టీవీకి పెడితే అంకెలేమిటి, ఆటగాళ్ళ బూటు లేసులు కూడా కనిపిస్తాయి. మీసం దక్కుతుంది. బావ గురి గురించి వీధంతా మళ్ళీ చెప్పుకుంటుంది. బావ మాత్రం వైరు వంకా, మీసం వంకా మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాడు.

కింద కిటికీలోంచి మేస్టారి గొంతు వినబడింది. తరగతిలో చదివినట్టు, పైకి, గట్టిగా.

“తొమ్మిది! వాడి పక్కన పదకొండు! కూడితే ఇరవై! ఏమే, విన్నావా? వాడి వెనక నాలుగు, ఇరవై నాలుగు! అన్నీ కనిపిస్తున్నాయే నాకు!”

“వింటున్నానండీ,” అంది పిన్నిగారు. “మొత్తం జట్టంతా కూడెయ్యండి.”

దర్జీ వైరుని తీగ మీద మెల్లిగా పెట్టేశాడు. గొట్టం కదిలిందేమోనని ఇంకోసారి సరిచూశాడు. “మేస్టారూ! ఎలా వస్తోంది?” అని కేకేశాడు.

“అద్దంలా! మీ ఇంట్లోనో?”

“ఈగలండీ!”

“అయితే మీసం సంగతి తర్వాత చూద్దాం. ముందు అందరూ ఇటు తగలడండి, ఆట మొదలవుతోంది! మీ బావని కూడా రమ్మను. ఒక షరతు, వాడు దేన్నీ తిప్పకూడదు!”

వెళ్ళారు. మేస్టారు చిరుగు కుట్టించిన వాలుకుర్చీలో బావనే కూర్చోబెట్టారు. బొమ్మ నిజంగానే అద్దంలా ఉంది. కానీ గోలు కొట్టేవాడి భుజం దగ్గర, ఎంతో జాగ్రత్తగా చూస్తే, సన్నటి నీడ లాంటిదేదో ఉంది. బావ అది చూశాడు. ముందుకు వంగాడు. “ఇంకొక్క...” అన్నాడు. గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. బావ ఆ మాట మింగేసి, కుడిచెయ్యి తొడ కింద పెట్టుకుని, ఆట అయ్యేదాకా దాని మీదే కూర్చున్నాడు. ఆయన జీవితంలో అంత కష్టపడి ఏ ఆటా చూడలేదు.

“ఇప్పటికైనా ఒప్పుకుంటావా, వెడల్పు వైపు?” అన్నారు మేస్టారు.

“ఒప్పుకున్నాను మేస్టారూ. ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు.”

పిన్నిగారు మొహం పక్కకి తిప్పుకుని కొంగు అడ్డం పెట్టుకుంది. దగ్గు వచ్చిందని అందరూ అనుకున్నారు.

మాటంటే మాటే. చీకటి పడకముందే మేస్టారే దగ్గరుండి మంగలి దుకాణంలో మీసం తీయించారు. “ఇటు కొంచెం మిగిలిందయ్యా, నాకు కనిపిస్తోంది!” అని వేలు పెట్టి మరీ చూపించారు. ఎన్నాళ్ళకో వీధిలోకి దిగిన మనిషి, వీధి పొడుగునా బోర్డులు చదువుకుంటూ, తప్పులు దిద్దుకుంటూ ఇంటికెళ్ళారు.

దర్జీ కూడా ఇంటికొచ్చాడు. తలుపు తీసిన అక్క, “ఎవరు కావాలండీ?” అంది.

లోపల బావ టీవీ వెనక చేరి, ఊచల్ని అటో వేలెడు, ఇటో వేలెడు వంచుతున్నాడు. దర్జీ వెళ్ళి ఎదురుగా నిలబడి, బోడిగా చల్లగా తగులుతున్న పైపెదవి తడుముకున్నాడు.

“నీ మూలంగా నా మీసం పోయింది బావా!”

బావ తలెత్తి, ఒక కన్ను మూసి, మీసం ఉండాల్సిన చోటుని సర్వేయరు చూపుతో ఈ చివరినుంచి ఆ చివరిదాకా కొలిచాడు.

“ఎంతరా, వేలెడేగా! వస్తుందిలే.”